నేనన్న ‘పోనీ’

ఆ సినిమాది తప్పు కాదు. ముందు ఆ మాట చెప్పి మొదలుపెడతాను. ఏలూరులో మా పేటలో ఇప్పటికీ చాలామంది తప్పంతా దానిదేనని నమ్ముతున్నారు. మా చర్చిలో కొందరు తల్లులు పిల్లల ఫోన్లు లాక్కుని మరీ అందులోంచి ఆ సినిమా తీసేయించారు. పెంటపాడు నుంచి మా బావమరిది వచ్చినప్పుడల్లా, కాళ్ళు కడుక్కోకముందే, "ఆ కార్ల సినిమా మన కొంప ముంచింది బావగారూ" అంటాడు. ఇంతకాలం నేను తలూపాను. ఇక ఊపను.

ఎక్కడో సముద్రం ఒడ్డునున్న విదేశీ పట్నంలో, మీసాలు కూడా సరిగ్గా రాని పిల్లలు రోడ్ల మీద కార్ల పందేలు పెట్టుకునే కథ అది. మొదటి భాగం మేం టీవీలో చూశాం. మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలు చేసేసరికి ఏదో ఒక ఛానల్లో అది వస్తూనే ఉండేది. పందెంలో ఓడిపోయిన కుర్రాడి కారు వంతెన మీంచి సముద్రంలో పడిపోవడంతో మొదటి భాగం అయిపోతుంది. "రెండోదాంట్లో బతికొస్తాడు చూడు నాన్నా" అనేది అమ్మాయి. "రాడు. అంత నీళ్ళలో పడ్డవాడు ఎలా వస్తాడు?" అనేవాణ్ణి. ఆ వాదన ఇంట్లో ఏళ్ళపాటు నడిచింది.

రెండో భాగం ఏలూరులో ఆడేనాటికి అమ్మాయి డిగ్రీలో ఉంది. మా ఆవిణ్ణి కూడా రమ్మన్నాం.

"కార్లు గుద్దుకోడం చూట్టానికి టిక్కెట్టు కొనాలాండీ? హైవే మీద కాసేపు నిలబడండి, ఊరికే కనపడుద్ది" అంది.

మేమిద్దరమే వెళ్ళాం. కుర్రాడు బతికి రాలేదు, నేనే గెలిచాను. వాడి చెల్లెలు అన్న పాత కారు బాగుచేయించుకుని పందేల్లోకి దిగుతుంది. ఆ కారు బాగుచేసే ముసలి మెకానిక్కు ఒకడున్నాడు. తెల్ల గడ్డం, పీపాలాంటి ఒళ్ళు. అతనికి తెలుగులో గొంతు ఇచ్చినవాళ్ళకి ఏం తోచిందో, మన గోదావరి యాస పెట్టారు. కారు కింద నుంచి తల బయటికి పెట్టి మొదటిసారి "ఆయ్, చెప్పండి" అనగానే హాలు హాలంతా ఘొల్లుమంది. "ఏవండోయ్, ఈయన మన తాడేపల్లిగూడెం ఆయనేనండోయ్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

చివరి పందెంలో అతను ఆ పిల్ల పక్క సీట్లో కూర్చుంటాడు. వర్షం. వెనక నుంచి పోటీవాడి లైట్లు మీదికొచ్చేస్తుంటాయి. "ఇప్పుడేం చెయ్యను?" అని ఆ పిల్ల అరుస్తుంది. సినిమా అంతా వాగుతూనే ఉన్న ముసలాయన అప్పుడు మాత్రం సీటు వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, భోజనం చేసి పడుకోబోయేవాడిలా, "పోనీ..." అంటాడు. అంతే. ఈలలు, కాగితాలు. మా అమ్మాయి కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. నా వయసు వాళ్ళెవరూ ఆ వరసలో లేరు.

ఆ మాట మా ఇంట్లోకొచ్చి కూర్చుంది. "పాలు పొంగుతున్నట్టున్నాయి నాన్నా" అని అమ్మాయి అంటే, నేను కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని "పోనీ..." అనేవాణ్ణి. "పాలు పోనీ ఏంటండీ, స్టవ్ కట్టేయకుండా!" అని మా ఆవిడ గరిట పట్టుకుని వచ్చేది. అచ్చం ఆ మెకానిక్కులా సాగదీయడం ఇంట్లో నాకే బాగా వచ్చు. అమ్మాయి ఎంత ప్రయత్నించినా ‘నీ’ దగ్గర నవ్వేసేది.

మన భాషలో ఆ మాట రెండు వైపులా పోతుంది. బండి తోలేవాళ్ళతో అంటే ముందుకు నడిపించమని. ఎదుటివాడి గురించి అంటే వాణ్ణి వెళ్ళనివ్వమని. నేను దాక్కున్నది ఆ రెండింటి మధ్య సందులోనే.

నాది చేపల బండి. మండవల్లి చుట్టుపక్కల చెరువుల్లో చేపలు పట్టే పట్టుబడి జరిగినప్పుడు, ట్రేలలో ఐసు వేసి సర్దిన చేపల్ని కొల్లేరు మీదుగా ఏలూరు మార్కెట్టుకి తేవడం నా పని. ముందొచ్చిన సరుకుకి ముందు వేలంపాట. అందుకని డ్రైవర్లందరికీ ఆ రోడ్డు మీద ఒక పాడు అలవాటు ఉంది. ఎవరూ పందెమని అనరు, కానీ వెనకబడ్డానికి ఎవరూ ఒప్పుకోరు.

నా కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకెత్తలేను, స్టీరింగు తిప్పితే ప్రాణం పోతుంది. కొన్నాళ్ళు బండి తోలవద్దని డాక్టరు చెప్పారు. డ్రైవర్ని పెట్టుకుందామనుకుంటుంటే, "నాకు లైసెన్సు ఉంది కదా, నేను తోల్తాను" అంది అమ్మాయి. అప్పటికి దానికి పంతొమ్మిదేళ్ళు. పొద్దున్నే వెళ్ళి కాలేజీ టైముకి వచ్చేయొచ్చు. మా ఆవిడకి ఇష్టం లేదు. బావమరిదికి అసలే లేదు. నాకు మాత్రం గర్వంగా ఉంది. అదీ రాయాలి.

దానికి డ్రైవింగు నేర్పింది నేనే, పెదవేగి వైపు పామాయిలు తోటల మధ్య రోడ్ల మీద. అక్కడ నీడ ఉంటుంది, గెలలు మోసే ట్రాక్టర్లు తప్ప రద్దీ ఉండదు. అది ఎంత నెమ్మదిగా తోలేదంటే, ఒకరోజు మా వెనక చిక్కుకున్న ట్రాక్టరాయన దిగివచ్చి నా కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఏవండీ, పాపగారు మా ట్రాక్టరు కంటే నెమ్మదిగా తోల్తన్నారండీ. మేం ఇంటికెప్పుడెళ్ళాలి చెప్పండి?"

"సారీ అంకుల్, వెళ్ళండి, వెళ్ళండి" అని అది బండిని పూర్తిగా మట్టిలోకి దించేసింది. దాని తీరే అంత. ఎవరు హారన్ కొట్టినా దారిచ్చేస్తుంది. కార్ల పందేల సినిమా అన్నిసార్లు చూసిన పిల్ల అది. వేగం పిచ్చి ఆ సినిమా వల్లే వచ్చేదైతే ఈపాటికి రావాలి కదా.

కొల్లేరు రోడ్డు మీద కూడా అంతే. మార్కెట్టులో తోటి డ్రైవర్లు నన్ను వదిలేవారు కాదు. అందరికంటే ఎక్కువ ఏడిపించేవాడు మండవల్లి దగ్గరుండే ఒకాయన. నాకంటే కొంచెం చిన్నవాడు, మంచివాడే, నోరే ఊరుకోదు.

"అన్నయ్యగారూ, మీ చేపలు ఏలూరు చేరేసరికి ఉప్పుచేపలైపోతన్నాయండీ. ఐసు బదులు ఉప్పేసుకోండి, కలిసొస్తది" అనేవాడు.

అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం ఎక్కడో గుచ్చుకునేది. ఇన్నేళ్ళు ఆ రోడ్డు మీద నన్ను దాటినవాళ్ళు తక్కువ. ఇప్పుడు దాటనివాళ్ళు లేరు.

ఆ రోజు చెరువు గట్టు మీద మా రెండు బళ్ళూ పక్కపక్కనే లోడయ్యాయి. మాది ముందు అయింది. "మీరు బయల్దేరండి అన్నయ్యగారూ. మేం ఇడ్లీ తిని, టీ తాగి, చెయ్యి తుడుచుకుని వచ్చి మరీ మిమ్మల్ని దాటతాం" అన్నాడు. అమ్మాయి నవ్వుతూ "సరేనండీ బాబాయిగారూ" అంది. నేను నవ్వలేదు.

రోడ్డుకి రెండు వైపులా నీళ్ళు. పొద్దెక్కింది, వెలుతురు బాగా ఉంది. అన్నట్టే కాసేపటికి వెనక హారన్ వినిపించింది. అద్దంలో ఆయన బండి.

"నాన్నా, బాబాయిగారు వచ్చేశారు. దారిచ్చెయ్యనా?"

అలా అడుగుతూనే అది యాక్సిలరేటర్ మీంచి కాలు తీసింది. బండి వేగం తగ్గడం నాకు ఒంటికి తెలిసింది. ఇది ముఖ్యం. అది ఆగబోయింది.

మా బండిలో సీటు వెనక్కి వాలదు. అయినా నేను తల వెనకనున్న ఇనుప రేకుకి ఆనించి, కళ్ళు మూసుకుని, ఆ మెకానిక్కు గొంతుతో, ఇంట్లో పాలు పొంగినప్పుడు అన్నట్టే, "పోనీ..." అన్నాను.

అది నవ్వింది. నేను ఎడమ చెయ్యి కిటికీలోంచి బయటపెట్టి, వెనకాయన వైపు అరచెయ్యి చాచి, ఆగమన్నట్టు పట్టుకున్నాను. అమ్మాయి యాక్సిలరేటర్ తొక్కింది.

ఆయన ఆగలేదు, అప్పటికే కుడివైపు నుంచి మా పక్కకి వచ్చేస్తున్నాడు. ఎదర మలుపులోంచి గడ్డిమోపులు వేసుకున్న ట్రాక్టరు వచ్చింది. మేం నెమ్మదిగా ఉండుంటే ఆయన మా ముందుకి వచ్చేసేవాడు. మేం వేగం పెంచేసరికి ఆయనకి చోటు లేకపోయింది. ట్రాక్టరుని తప్పించబోయి ఆయన బండిని కుడిపక్కకి తిప్పేశాడు. అది గట్టు దిగి, చెరువులోకి ఒరిగి, సగం నీళ్ళలో ఆగింది. అది చూసి అమ్మాయి ఎడమకి తిప్పేసరికి మా బండి రోడ్డు పక్క రాయికి కొట్టుకుంది. అమ్మాయి ముఖం స్టీరింగుకి తగిలి ముందు పన్ను కొస విరిగింది. నాకేమీ కాలేదు.

చెరువుల కాపలావాళ్ళు, పనివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఆయన్ని బయటికి లాగారు. కాలు విరిగింది. గట్టు నిండా ఆయన చేపలూ ఐసూ. అప్పుడు అక్కడున్నవాళ్ళలో పెద్దాయన ఒకరు అమ్మాయిని గట్టిగానే అడిగారు.

"ఏమ్మా, ఆయన పక్కకొచ్చేశాక అంత స్పీడెందుకు పెట్టావు? వెళ్ళనివ్వాలి కదా?"

నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, అది నా వైపు చూసింది. "నాన్న పోనీ అన్నారండి."

అందరూ నా వైపు తిరిగారు. నా మొహంలోకి చూసిన కళ్ళన్నీ నాకు తెలిసినవే. ఏళ్ళ తరబడి నాకు టీలు ఇప్పించినవాళ్ళు, జాగ్రత్తగల మనిషని నా బండికే సరుకిచ్చినవాళ్ళు.

"ఆయన్ని పోనీ అన్నానండి" అన్నాను.

‘ఆయన్ని’. ఆ ఒక్క మాటా నేను అప్పుడు చేర్చాను. దానికి ముందు అది లేదు. అమ్మాయి చున్నీ తీసి నన్నే చూసింది, నోటి పక్క రక్తం. పెద్దాయన "అదీ సంగతి" అన్నారు. ఎవరో "ఈ పిల్లల బుర్రల నిండా సినిమాలేనండీ" అన్నారు. నేను ఆ మాట అందుకున్నాను. "అవునండి, కార్ల పందేల సినిమా ఒకటి చూస్తా ఉంటది" అన్నాను. అబద్ధం నేను వెతుక్కోనక్కర్లేదు, చేతికి అందించారు.

అక్కడితో ఆగి ఉంటే ఎలా ఉండేదో తెలీదు. ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పుకునే సమయం ఉంటుంది. దేవుడు ఏదైనా మేలు చేస్తే లేచి నిలబడి నలుగురి ముందు చెప్పుకోవడం మాకు అలవాటు. ప్రమాదం నుంచి బిడ్డ బతికి బయటపడ్డాక సాక్ష్యం చెప్పకపోతే అడుగుతారు. నేను లేచాను. దేవుడు నా బిడ్డను ఎలా కాపాడాడో చెప్పాను. అంతవరకు నిజమే. తర్వాత, "నేను ఆయన్ని పోనీ అంటే, నా బిడ్డకి ఆ సినిమాలో మాట వినపడింది. ఈ లోకం మన పిల్లల చెవుల్లో ఏం నింపుతుందో చూసుకోండి" అన్నాను. "ఆమెన్" అన్నారంతా. గొంతు వణికింది నాకు. అది చూసి ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. ఆడవాళ్ళ వైపు కూర్చున్న మా అమ్మాయి తలెత్తలేదు.

ఆ సాయంత్రం అది నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"సారీ నాన్నా. నువ్వు ఆయన్నే అనుంటావు. నాకే అదేదో... ఆ మెకానిక్కు తాతలా అన్నట్టు వినపడింది."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. అది నా ఎదురుగా కూర్చుని, నా తప్పుకి నన్నే క్షమాపణ అడుగుతోంది. నేనేమన్నానంటే, "పోనీలేమ్మా" అన్నాను. మళ్ళీ అదే మాట.

అది లైసెన్సు తీసుకెళ్ళి బీరువాలో దాని పాత స్కూలు సర్టిఫికెట్ల అడుగున పెట్టేసింది. బండికి డ్రైవర్ని పెట్టాను. కాలేజీ అయిపోయాక అమ్మాయి బజార్లో ఒక బట్టల షాపులో చేరింది. షావుకారుగారు మర్యాదస్తులు. ఒకరోజు నేనటు వెళ్తే పిలిచి కూర్చోబెట్టారు.

"మీ అమ్మాయి మంచి పిల్లండి, మాట మెత్తన. కానీ ఏవిటోనండీ, ప్రతిదీ రెండుసార్లు అడుగుద్ది. ఎరుపు చూపించమ్మా అంటే, ఎరుపేనా అండీ అంటది. ఎరుపే అంటే, ఎరుపన్నారు కదండీ అని మళ్ళీ అంటది. కొనేవాళ్ళు విసుక్కుంటన్నారండీ."

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. తను కూర తరగడం ఆపి నన్ను చూసింది. "అది చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిందండీ మొన్న. మీకు చెప్పొద్దంది."

అమ్మాయి వచ్చాక అడిగాను. నవ్వింది. విరిగిన పన్ను కనపడింది. "చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయంట నాన్నా. చెవుల్లో లోపం లేదంటే మరి లోపల ఎక్కడో ఉన్నట్టే కదా. అందుకే ఏదైనా రెండుసార్లు అడిగి చేస్తన్నాను. నావల్ల ఇంకొకరి కాలు విరక్కూడదు కదా."

ఆ రోజు నిర్ణయం తీసుకున్నాను. దాన్ని పశ్చాత్తాపమనను. పశ్చాత్తాపం అంతకుముందు కూడా ఉంది, నన్ను కుర్చీలోంచి లేపలేదు. నా బిడ్డ తన చెవుల్ని తనే నమ్మడం మానేసింది. అది ఆగాలి. నా గురించి ఎవరేమనుకున్నా సరే, ఆగాలి.

వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తను స్టవ్ కట్టేసి నా వైపు తిరిగింది.

"ముందు దానికి చెప్పండి" అంది.

"దానికి ముందు చెప్తే నలుగురిలో చెప్పనివ్వదు. నాన్న తలదించుకోకూడదంటది. ఎక్కడ అబద్ధమాడానో అక్కడే చెప్తాను."

"అయితే ఆదివారం దాకా నాతో మాట్లాడకండి" అంది. మాట్లాడలేదు కూడా.

ఆదివారం లేచి నిలబడ్డాను. ఈసారి గొంతు వణకలేదు. ఆ రోజు నేను చెప్పింది అబద్ధమని, నా బిడ్డ సరిగ్గానే విందని, బండి నడిపించమనే నేను పోనీ అన్నానని, నన్ను ఎవరూ దాటకూడదన్న పొగరుతో అన్నానని చెప్పి కూర్చున్నాను. తర్వాత పాస్టరుగారు, మేం అయ్యగారంటాం, మైకు దగ్గరికి వచ్చారు.

"తండ్రి ప్రేమ చూడండి. బిడ్డ మీద మచ్చ ఉండకూడదని, ఆ నింద తన మీద వేసుకుంటున్నాడు" అన్నారు.

"ఆమెన్" అన్నారంతా. కిందటిసారి కంటే గట్టిగా అన్నారు.

నేను మళ్ళీ లేచాను. "కాదండి అయ్యగారూ. నిజంగానే నేను..."

"కూర్చోండి బాబూ, మాకర్థమైంది" అన్నారాయన, ఎంతో దయగా.

అబద్ధం ఒక్కసారికే నమ్మారు. నిజం చెప్తే నన్ను మంచివాణ్ణి చేసేశారు. బయట చెప్పులు వేసుకుంటుంటే ఇద్దరు ముగ్గురు వచ్చి నా చెయ్యి పట్టుకుని నొక్కారు. ఇంటికొచ్చాక అమ్మాయి కూడా, "నాకోసం అలా చెప్పక్కర్లేదు నాన్నా. నాకు బాధేం లేదు" అంది. మా ఆవిడ నన్ను చూసిన చూపు రాయలేను.

నాకు సాక్షి కావాలి. సోమవారం బస్సెక్కి మండవల్లి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని వల సరిచేసుకుంటున్నాడు. కాలు అతుక్కుంది కానీ ముందులా వంగదు. బండి తోలడం మానేసి చెరువు దగ్గర లెక్కలు చూస్తున్నాడు.

"రండి అన్నయ్యగారూ. బస్సులో వచ్చారా? ఈసారి మిమ్మల్ని దాటేవాళ్ళు ఇంకా ఎక్కువై ఉంటారే" అన్నాడు.

కూర్చున్నాను. మంచినీళ్ళు తాగి అడిగాను. "ఆ రోజు నా చెయ్యి చూశారా మీరు?"

ఆయన వల పక్కన పెట్టాడు. "చూశానండి. ఆగమన్నారు."

"మరి ఎవరితోనూ చెప్పలేదేం?"

"చెప్తే, ఆగమన్నప్పుడు నువ్వెందుకు ఆగలేదురా అంటారు కదండీ. మలుపని తెలుసు, ఎదర కనపడదనీ తెలుసు. ఇడ్లీ తిని మరీ దాటతానని పిల్ల ముందు కోతలు కోశాను కదా." కాలు నిమురుకున్నాడు. "ఆ పిల్ల ఆస్పత్రికొచ్చి నా మంచం దగ్గర నిలబడి సారీ బాబాయిగారూ అంటే, పర్లేదమ్మా అన్నానండి. నేనే క్షమించినట్టు."

నేను వచ్చిన పని చెప్పాను.

"నేనెప్పుడూ చర్చిలోకి రాలేదండి. చెప్పులు బయటే విడవాలా?"

"ఆయ్. మీ గుళ్ళో లాగేనండి."

"అయితే వస్తానండి."

వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కర్ర పట్టుకుని. అయ్యగారితో ముందే మాట్లాడాను. ఈసారి నన్ను ఆపవద్దన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను, ఆయన ఆశ్చర్యపోయారు. మండవల్లి ఆయన మైకు దగ్గర నిలబడి, దణ్ణం ఎటువైపు పెట్టాలో తెలియక అందరికీ పెట్టి, చెప్పాడు.

"ఈయన చెయ్యి ఇలా పెట్టారండి." అరచెయ్యి చాచి చూపించాడు. "నన్ను పోనివ్వాలనుకున్నవాళ్ళు ఇలా పెట్టరండి. నేను ఆగకపోవడం నా తప్పు. పాపది ఏం తప్పు లేదండి. మేం పెద్దాళ్ళం ఇద్దరం కలిసి దాని మీదకి తోసేశాం."

ఎవరూ ఆమెన్ అనలేదు. సంఘ పెద్దల్లో ఒకాయన మాత్రం ఒప్పుకోలేదు. "చెయ్యి సంగతి సరేనండి. కానీ మాట? అది రెండు రకాలుగానూ వినిపించవచ్చు కదా" అన్నారు.

నేను మైకు దగ్గరికి వెళ్ళాను. "నేనన్నది ఒక్క రకంగానే వినిపిస్తుందండి" అని, కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చి, ఆ రోజు ఎలా అన్నానో అలాగే అన్నాను.

"పోనీ..."

మైకులో అది చర్చంతా సాగింది. వెనక ఎవరో చిన్నపిల్ల కిలకిలా నవ్వింది. తల్లి దాని నోరు మూసింది. నేను కళ్ళు తెరిచేసరికి ఆడవాళ్ళ వైపు మా అమ్మాయి లేచి నిలబడి ఉంది. తలెత్తి నన్నే చూస్తోంది. ఆ గొంతు దానికి తెలుసు. రెండోసారి అడగనక్కర్లేదు. అది చెప్పులు వేసుకోకుండానే బయటికి నడిచి వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. నేను కింద మెట్టు మీద కూర్చున్నాను.

"నేను కాలు తీసేశాను నాన్నా ఆ రోజు. నీకు తెలుసు."

"తెలుసు."

"ఆ మాట ఎన్నిసార్లు మనసులో తిప్పి తిప్పి విన్నానో తెలుసా? ఎలా విన్నా నీ గొంతు అలాగే వినపడేది. నాన్న అబద్ధం చెప్పడు కదా, మరి నాకే ఏదో అయిందనుకున్నాను."

"తప్పు నాదేనమ్మా. నన్ను..."

"నువ్వు సారీ అంటావు. నేను పోనీలే అనాలి. నేను అనను."

"అనొద్దు" అన్నాను. నిజంగానే అనకూడదనిపించింది.

అది లేచి లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి చెయ్యి చాచింది. "బండి తాళాలివ్వు. రేపటి నుంచి డ్రైవరు వద్దని చెప్పు. షాపులో నేను చెప్పుకుంటాను." తాళాలు తీసుకుని రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. "నువ్వు ముందు కూర్చోకూడదు."

సినిమా గురించి మాట్లాడేవాళ్ళ కోసమే ఇదంతా రాశాను. చర్చిలో ఉన్నవాళ్ళకి ఇప్పుడు తెలుసు. మార్కెట్టులో, చెరువుల మీద, పెంటపాడులో ఇంకా తెలియనివాళ్ళున్నారు. ఆ సినిమా ఒక మనిషికి ఎక్కింది, కాదనను. ఆ మనిషి మా అమ్మాయి కాదు. దాని పక్క సీట్లో కూర్చున్నవాడు.

ఇప్పుడు నేను వెనక, ట్రేల మధ్య, బోర్లించిన ఖాళీ డబ్బా మీద కూర్చుని వస్తున్నాను. ఐసు కరిగి కాళ్ళ కిందకి కారుతుంటుంది. మొన్న కొల్లేరు రోడ్డు మీద ఒక బండి వెనకే వచ్చి హారన్ కొట్టింది. కొత్త డ్రైవరు, నన్ను ఎరగడు. ఎదురెదురుగా ఒకరి మొహం ఒకరికి కనపడుతోంది. దాటనా అన్నట్టు చెయ్యి ఊపి నన్నడిగాడు. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. గడ్డంతో ముందు క్యాబిన్ వైపు చూపించాను, అటు అడగమని.